ఇటుక లెక్కలో ఉన్నాడు... బడి లెక్కలో లేడు!

పొట్ట చేతపట్టుకుని రాష్ట్రాలు దాటుతున్న అమ్మానాన్నల వెంట పిల్లలూ వస్తున్నారు. కొందరినైతే అమ్మానాన్నలు లేకుండానే దళారులు రైలెక్కిస్తున్నారు. సొంతూరి బడిలో పేరు కొట్టేస్తారు. వచ్చిన ఊరి బడిలో పేరు రాసుకోరు. ఏ లెక్కలోనూ లేని ఈ పిల్లలే అక్రమ రవాణా చేసేవాళ్లకు తేలిగ్గా దొరికిపోతున్నారు. వాళ్లను విడిపించడం ఎంత ముఖ్యమో, ఆ తర్వాత హాజరుపట్టీలో పేరు ఎక్కించడం అంతకన్నా ముఖ్యం.

* * *

తెల్లవారుజాము మూడు గంటలు. ఊరంతా దుప్పటి ముసుగేసుకుని ఉంది. ఊరి చివర ఇటుకబట్టీలో మాత్రం అప్పటికే లైటు వెలుగుతోంది. నాన్న మట్టి కలుపుతున్నాడు. అమ్మ మట్టిముద్దను అచ్చులో కొట్టి, ఇటుక తీసి నేలమీద పరుస్తోంది. కళ్లు నులుముకుంటూ ఎనిమిదేళ్ల కొడుకు వచ్చాడు. నిన్నా మొన్నా పరిచిన ఇటుకలు ఒకవైపు ఆరాయి. రెండోవైపూ ఆరాలంటే ఒక్కొక్కదాన్నీ తిప్పి నిలబెట్టాలి. పెద్దవాళ్లు ఆ వరసల మధ్య నడిస్తే పచ్చి ఇటుక నలిగిపోతుంది. పిల్లాడైతే తేలిక. అందుకే ఆ పని వాడిది!

పొద్దెక్కాక రోడ్డుమీద స్కూలు బస్సు వెళుతుంది. యూనిఫాం వేసుకున్న పిల్లలు కిటికీల్లోంచి చూస్తారు. వీడూ తలెత్తి చూస్తాడు. బస్సు మలుపు తిరిగేదాకా చూసి, మళ్లీ ఇటుక తిప్పుతాడు.

ఈ పిల్లాడికి మనం పేరు పెట్టలేదు. ఎందుకంటే ఇది ఒక్కడి కథ కాదు. దసరా దాటాక ఒడిశా పశ్చిమ జిల్లాల నుంచి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, కర్ణాటక బట్టీలకు బయల్దేరే కుటుంబాల్లో ఇలాంటి పిల్లలు ఎందరో. బలంగీర్, నువాపడా, కలహండి, బర్‌గఢ్... ఏటా వలస వెళ్లే జిల్లాల పేర్లివి. హైదరాబాద్ చుట్టుపక్కల లేచిన అపార్టుమెంట్లలో, మనం ముచ్చటపడి కట్టుకున్న ఇళ్లలో ఎన్ని ఇటుకలు ఇలాంటి చిన్నచేతుల మీదుగా వచ్చాయో లెక్క తేల్చడం కష్టం.

ముగ్గురైతేనే జట్టు

ఈ కథ బట్టీలో మొదలవదు. పండగతో మొదలవుతుంది. పశ్చిమ ఒడిశా వాళ్లకు పెద్ద పండగ నువాఖాయి. వినాయక చవితి మర్నాడు కొత్త ధాన్యాన్ని దేవుడికి నైవేద్యం పెట్టి ఇంటిల్లిపాదీ కలిసి తింటారు. కొత్తబట్టలు, పిండివంటలు, బంధువులు... పేదింట్లో చేతిలో డబ్బు లేని సమయం కూడా అదే. సరిగ్గా ఆ రోజుల్లోనే గడపలో సర్దార్ కనిపిస్తాడు. మన వైపు మేస్త్రీ అంటామే, అతనే! చేతిలో అడ్వాన్సు పెడతాడు. అప్పులు తీర్చుకోవడానికో, పండగ చేసుకోవడానికో, పిల్ల పెళ్లికో, ఆసుపత్రి ఖర్చుకో ఆ డబ్బు అక్కడికక్కడే అయిపోతుంది. ఇక మిగిలేది పని ఒక్కటే.

ఆ అడ్వాన్సు మనిషికి ఇంత అని ఇవ్వరు. జట్టుకు ఇంత అని ఇస్తారు. ఆ జట్టు పేరు 'పథరియా'. పథరియా అంటే మగమనిషి, ఆడమనిషి, ఒకరో ఇద్దరో పిల్లలు. కాగితం మీద ఎక్కడా పిల్లాడి పేరుండదు. వాడికంటూ విడిగా కూలీ ఉండదు. కానీ ఒప్పందంలో వాడూ ఉంటాడు. వాడి చేతులు కూడా కలిస్తేనే అన్నేసి ఇటుకలు తయారవుతాయని యజమానికి తెలుసు, సర్దార్‌కి తెలుసు, కన్నవాళ్లకీ తెలుసు. భార్యాభర్తలిద్దరే వస్తామంటే జట్టు నిండదు!

ఆపైన రైలు. బలంగీర్ జిల్లాలో కాంటాబంజి అనే స్టేషనుంది. వలస కాలం వస్తే ఆ ప్లాట్‌ఫాం మూటలతో, గిన్నెలతో, చంటిపిల్లలతో నిండిపోతుంది. అక్కడ రైలెక్కిన కుటుంబం మళ్లీ సొంతూరి మొహం చూసేది మే, జూన్ నెలల్లోనే. అంటే బడి ఏడాదిలో సగానికి పైగా బట్టీలోనే.

కూలీ వెయ్యి ఇటుకలకు ఇంత అని కడతారు. అదీ చేతికివ్వరు. వారం వారం తిండిఖర్చులకు కొంత ఇస్తారు. మిగిలింది అడ్వాన్సులో కోసుకుంటారు. లెక్క తేలేది సీజను చివర్లో. వానొచ్చి పచ్చి ఇటుకలు కరిగిపోతే నష్టం ఎవరిది? జ్వరమొచ్చి పది రోజులు పడుకుంటే ఆ రోజుల లెక్కేంటి? పుస్తకం యజమాని దగ్గరుంటుంది. చదవడం వచ్చినవాడు జట్టులో ఉండడు. అడ్వాన్సు తీరేదాకా కదలడానికి వీల్లేదన్న మాట మాత్రం అందరికీ అర్థమవుతుంది.

కదిలితే ఏమవుతుంది? అడ్వాన్సు తీసుకుని మాట తప్పారని, 2013 డిసెంబరులో కలహండి జిల్లాకు చెందిన ఇద్దరు కూలీల కుడి అరచేతుల్ని దళారులు నరికేశారు. దేశమంతా ఉలిక్కిపడింది. సుప్రీంకోర్టు తనంతట తానే ఆ కేసును పట్టించుకుంది. అడ్వాన్సు అనే చిన్నమాట వెనక ఎంత భయం దాగి ఉందో లోకానికి తెలిసిన రోజది.

'అమ్మానాన్నలతోనే వచ్చాడుగా!'

బట్టీల దగ్గర తనిఖీలు జరిగినప్పుడల్లా వినిపించే మాట ఇది. "మేమేం ఎత్తుకొచ్చామా? అమ్మానాన్నలతోనే వచ్చాడు. ఖాళీగా ఉండలేక ఓ చెయ్యి వేస్తున్నాడు." వినడానికి సబబుగానే ఉంటుంది. చట్టం ఏమంటోంది మరి?

వలస వెళ్లడం నేరం కాదు. పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లడం అసలే కాదు. బతుకుతెరువు వెతుక్కుంటూ దేశంలో ఎక్కడికైనా వెళ్లే హక్కు రాజ్యాంగం అందరికీ ఇచ్చింది. కానీ అదే రాజ్యాంగం 23వ అధికరణంలో మనుషుల అమ్మకాన్ని, వెట్టిని నిషేధించింది. 24వ అధికరణం పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని ఫ్యాక్టరీల్లో, గనుల్లో, ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదంది. అప్పుకు బదులుగా మనిషిని కట్టిపడేసి పని చేయించుకోవడం నేరమని 1976లోనే వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం తేల్చి చెప్పింది.

బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించారు. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదు. పెడితే ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు, ఇరవై వేల నుంచి యాభై వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. సొంత కుటుంబం పనిలో సాయం చేయొచ్చని ఒక మినహాయింపుంది. అదీ బడి వేళలు అయ్యాక, సెలవుల్లో మాత్రమే. బట్టీ పిల్లాడి కుటుంబానిది కాదుగా. యజమానిది! కాబట్టి ఆ మినహాయింపు ఇక్కడ చెల్లదు.

ఇక అక్రమ రవాణా. ఈ మాట వినగానే మనకు గుర్తొచ్చేది ముసుగు మనిషి, మత్తుమందు చల్లిన చేతిరుమాలు, సందులో ఆగిన వ్యాను. నిజానికి ఎక్కువసార్లు అలా జరగదు. తెలిసినవాడే వస్తాడు. నవ్వుతూ వస్తాడు. డబ్బిచ్చి మరీ తీసుకెళ్తాడు. ఐక్యరాజ్యసమితి 2000 సంవత్సరంలో తెచ్చిన ఒప్పందం ప్రకారం... దోచుకోవడం కోసం పిల్లల్ని తరలిస్తే చాలు, అది అక్రమ రవాణాయే. బెదిరించారా, మోసగించారా అని చూడనక్కర్లేదు. పిల్లాడు ఇష్టపడే వచ్చాడన్న వాదనకు విలువ లేదు. ఆ ఒప్పందాన్ని మన దేశం 2011లో ఆమోదించింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 143వ సెక్షను ప్రకారం ఒక పిల్లాణ్ని అక్రమంగా తరలిస్తే కనీసం పదేళ్ల జైలు. ఒకరికంటే ఎక్కువమందిని తరలిస్తే కనీసం పద్నాలుగేళ్లు. యావజ్జీవం కూడా పడొచ్చు.

చట్టాలు గట్టిగానే ఉన్నాయి. కానీ చట్టం కంట్లో పడాలంటే ముందు ఆ పిల్లాడు ఎవరి కంట్లోనో పడాలి కదా!

మనకు కొత్తకథేం కాదు

'ఎక్కడో ఒడిశా వాళ్ల గోడు' అనుకోవడానికి లేదు. గుంపు మేస్త్రీ అన్నమాట పాలమూరులో ఎవరినడిగినా చెబుతారు. దేశంలో పెద్దపెద్ద ప్రాజెక్టుల దగ్గర మట్టి మోసి, రాళ్లు కొట్టిన పాలమూరు కూలీలు అడ్వాన్సు తీసుకుని గుంపు మేస్త్రీ వెంట వెళ్లినవాళ్లే. ముసలివాళ్లు ఊళ్లో మిగిలేవారు. బడికెళ్లాల్సిన పిల్లలు తల్లిదండ్రుల వెంట తట్టలు మోసేవారు.

పత్తి విత్తనాల సంగతీ అంతే. 1990ల్లో, 2000 తర్వాతి తొలి ఏళ్లలో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల హైబ్రిడ్ పత్తి విత్తనాల చేలు ప్రపంచం దృష్టిలో పడ్డాయి. అక్కడ పని పేరు క్రాసింగు. సాయంత్రం మొగ్గ విప్పి మగభాగాన్ని తీసేయాలి. మర్నాడు పొద్దున్నే ఇంకో రకం పువ్వు పుప్పొడిని దానికి రుద్దాలి. ఇలా మొక్క మొక్కకీ, మొగ్గ మొగ్గకీ... నెలల తరబడి. మొక్కల ఎత్తుకు ఆడపిల్లలైతే సరిపోతారని, వాళ్ల వేళ్లు చురుగ్గా కదులుతాయని వంకలు చెప్పేవారు. అసలు కారణం వాళ్లకు తక్కువ కూలీ ఇస్తే సరిపోవడం. సీజను మొదట్లోనే తల్లిదండ్రులకు అడ్వాన్సు ముట్టేది. ఇక ఆ పిల్ల బడికెలా వెళుతుంది? అక్కడి నువాఖాయి అడ్వాన్సుకీ, ఇక్కడి పత్తిచేను అడ్వాన్సుకీ తేడా ఏముంది?

మిరప తోటలనూ గుర్తుచేసుకోవాలి. కాయ ఏరే రోజుల్లో ఛత్తీస్‌గఢ్ నుంచి ఆదివాసీ కుటుంబాలు గోదావరి దాటి మన పల్లెలకు వస్తాయి. 2020 ఏప్రిల్లో లాక్‌డౌన్ పడింది. పని లేదు, బస్సు లేదు. తెలంగాణలో మిరప ఏరడానికొచ్చిన పన్నెండేళ్ల అమ్మాయి ఒకరు తోటివాళ్లతో కలిసి అడవి దారిలో సొంతూరికి నడక మొదలుపెట్టింది. మూడు రోజులు నడిచింది. ఇల్లు ఇంకొంచెం దూరంలో ఉండగా కుప్పకూలి చనిపోయింది. పన్నెండేళ్ల పిల్ల కూలీ కోసం రాష్ట్రం దాటి వచ్చిన సంగతి చాలామందికి తెలిసింది ఆమె చనిపోయాకే.

గాజుల వెనక గది

బట్టీలో పిల్లాడికి కనీసం అమ్మ పక్కనుంటుంది. అదీ లేని పిల్లలున్నారు.

2015 జనవరిలో హైదరాబాద్ పాతబస్తీలో పోలీసులు ఇల్లిల్లూ గాలించారు. ఇరుకు గదుల్లో, గాలి ఆడని చోట కూర్చుని గాజులకు రంగురాళ్లు అతికిస్తున్న పిల్లలు బయటపడ్డారు. పదిమందీ, ఇరవైమందీ కాదు... రెండొందలకు పైగా! ఎక్కువమంది బీహార్ పిల్లలే. పొద్దున లేచింది మొదలు రాత్రిదాకా అదే పని. అక్కడే తిండి, అక్కడే నిద్ర. చార్మినార్ దగ్గర మనం బేరమాడి కొనుక్కునే తళతళల వెనక ఇంత చీకటి ఉందని చాలామందికి అప్పుడే తెలిసింది. ఆ పిల్లల్ని ప్రత్యేకంగా రైలెక్కించి బీహార్ పంపించారు.

ఆ ఏడాది నుంచే దేశవ్యాప్తంగా జనవరిలో 'ఆపరేషన్ స్మైల్', జులైలో 'ఆపరేషన్ ముస్కాన్' పేరుతో తప్పిపోయిన పిల్లల్ని, పనిలో ఉన్న పిల్లల్ని వెతకడం మొదలైంది. తెలంగాణలో పోలీసులు, కార్మికశాఖ, బాలల సంరక్షణ సిబ్బంది జట్లుగా బయల్దేరతారు. రైల్వేస్టేషన్లు, బస్టాండ్లు, కార్ఖానాలు, హోటళ్లు, బట్టీలు... అన్నీ గాలిస్తారు. తప్పిపోయిన పిల్లల ఫొటోలను, దొరికినవాళ్ల ముఖాలతో పోల్చి చూసేందుకు తెలంగాణ పోలీసులు 2018లో 'దర్పణ్' అనే సాఫ్ట్‌వేర్‌ను కూడా తెచ్చారు.

సుప్రీంకోర్టు 2013 మేలో ఇచ్చిన తీర్పు దీనికి పెద్ద అండ. పిల్లలు తప్పిపోయారని ఎవరు ఫిర్యాదు చేసినా పోలీసులు తప్పనిసరిగా కేసు నమోదు చేయాలి. 'వాడే వస్తాడులే, రెండ్రోజులు చూడండి' అనడానికి లేదు. ఎత్తుకెళ్లారనో, అక్రమంగా తరలించారనో అనుమానించే దర్యాప్తు మొదలుపెట్టాలి.

విడిపించారు సరే... తర్వాత?

పిల్లల్ని విడిపించిన రోజు పత్రికల్లో ఫొటోలొస్తాయి. టీవీల్లో చూపిస్తారు. అసలు పరీక్ష మర్నాడు మొదలవుతుంది.

విడిపించిన పిల్లల్ని ఇరవైనాలుగు గంటల్లోపు బాలల సంక్షేమ కమిటీ ముందుకు తీసుకెళ్లాలి. పిల్లాడి ఊరేది, ఇల్లేది, వాణ్ని పంపిందెవరు, ఇంటికి పంపితే క్షేమంగా ఉంటాడా... ఇవన్నీ తేల్చాల్సింది ఆ కమిటీయే. భాష రాదు. ఊరి పేరు సరిగ్గా చెప్పలేడు. కొందరు పిల్లలకు ముందే పాఠం చెప్పి ఉంటారు, వయసెంతని అడిగితే 'పద్దెనిమిది' అనమని!

వెట్టి నుంచి బయటపడినవాళ్లకు అధికారులు విడుదల పత్రం ఇవ్వాలి. అది చేతికొస్తేనే పాత అప్పు రద్దయినట్టు రుజువు. 2016 నాటి కేంద్ర పథకం ప్రకారం పెద్దవాళ్లలో మగవాళ్లకు లక్ష, ఆడవాళ్లకు, పిల్లలకు రెండు లక్షలు, అక్రమ రవాణా, లైంగిక దోపిడీ వంటి ఘోరాలకు బలైనవాళ్లకు మూడు లక్షల రూపాయల సాయం అందాలి. తక్షణ సాయంగా ముప్ఫై వేల దాకా ఇవ్వొచ్చని 2022లో మార్చారు. కానీ పూర్తి సాయం అందాలంటే నిందితులకు శిక్ష పడాలన్న మెలిక ఉంది. కేసు తెమిలేదెప్పుడు? వేరే రాష్ట్రం నుంచి వచ్చి సాక్ష్యం చెప్పేదెవరు?

ఈలోపు ఇంట్లో పరిస్థితి మారదు. అప్పు అలాగే ఉంటుంది. ఊళ్లో బడికి వెళితే, ఏడాదిగా రాలేదని పేరు తీసేసి ఉంటారు. మళ్లీ పండగొస్తుంది. మళ్లీ గడపలో అదే మనిషి. విడిపించిన పిల్లాడే ఇంకో రైలెక్కితే, ఇంకో ఊళ్లో తేలితే ఆశ్చర్యమేముంది? పిల్లల కోసం పనిచేసేవాళ్లు పదేపదే చెప్పే మాట ఇదే: పిల్లాణ్ని ఇంటికి చేర్చడంతో పని అయిపోదు. బడికి చేర్చాలి. బడిలో నిలబెట్టాలి.

బడి బయట ఉంటే బాలకార్మికుడే

ఈ మాటను ఉద్యమంగా మార్చింది మన గడ్డే. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం బోధించిన ప్రొఫెసర్ శాంతా సిన్హా, మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ తరఫున 1991లో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పని మొదలుపెట్టారు. 'పేదోళ్లు, పిల్లలు పని చేయకపోతే ఎలా బతుకుతారు' అని అందరూ అడుగుతున్న రోజులవి. ఆమె మాత్రం ఒకటే చెప్పారు. బడిలో లేని ప్రతి పిల్లా, పిల్లాడూ బాలకార్మికులే. ప్రమాదకరమైన పని, ప్రమాదం లేని పని అని విడదీయొద్దు. పగటిపూట పిల్లలుండాల్సింది బళ్లోనే.

పనిలోంచి వచ్చిన పదేళ్ల పిల్లను ఒక్కసారిగా ఒకటో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుపడి పారిపోతుంది. అందుకే బ్రిడ్జి కోర్సు శిబిరాలు పెట్టారు. కొన్ని నెలలు అక్కడే ఉంచి, అక్షరాల నుంచి మొదలుపెట్టి, ఆ వయసుకు తగ్గ తరగతికి సిద్ధం చేసి బళ్లో చేర్పించారు. ఊళ్లో కుర్రాళ్లు, టీచర్లు, సర్పంచులు, ఒకప్పుడు పిల్లల్ని పనిలో పెట్టుకున్న రైతులు కూడా ఇందులో చేయి కలిపారు. 2003లో శాంతా సిన్హాకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు ఆమే తొలి అధ్యక్షురాలు.

ఉత్తరాదిలో కైలాస్ సత్యార్థిది ఇంకో దారి. 1980లో మొదలైన 'బచ్‌పన్ బచావో ఆందోళన్' కార్ఖానాల మీద దాడులు చేయించి పిల్లల్ని విడిపించింది. బాలకార్మిక వ్యవస్థకు వ్యతిరేకంగా 1998 జనవరిలో మనీలాలో మొదలైన ప్రపంచయాత్ర ఎన్నో దేశాలు దాటి జూన్‌లో జెనీవా చేరింది. ఆ మర్నాటి ఏడే, అంటే 1999లో, పిల్లలతో చేయించే అతి ఘోరమైన పనుల్ని నిషేధిస్తూ అంతర్జాతీయ కార్మిక సంస్థ 182వ ఒడంబడిక తెచ్చింది. మన దేశం దానికి 2017లో ఆమోదముద్ర వేసింది. సత్యార్థికి 2014లో మలాలాతో కలిపి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

బట్టీ పక్కనే బడి

రాచకొండ పోలీసు కమిషనర్‌గా పనిచేసిన మహేశ్ భగవత్ కాలంలో, 2017లో, ఇటుకబట్టీల నుంచి 350 మందికి పైగా పిల్లల్ని బయటికి తీసుకొచ్చారు. మానవ అక్రమ రవాణాపై పోరాటానికి గాను అమెరికా విదేశాంగశాఖ ఆ ఏడాది ఆయన్ని సత్కరించింది. దాడి చేసి ఊరుకోలేదు. అధికారులు, స్వచ్ఛంద సంస్థలు, బట్టీ యజమానులు కలిసి పని చోటే బడులు తెరిచారు.

ఒడియా తప్ప ఇంకోటి రాని పిల్లాడికి తెలుగు బడిలో ఏం అర్థమవుతుంది? అందుకే ఒడియా పుస్తకాలు తెప్పించారు. ఒడియా తెలిసినవాళ్లతో పాఠాలు చెప్పించారు. మధ్యాహ్న భోజనం పెట్టారు. అమ్మానాన్నలకు కళ్లెదుటే పిల్లలు కనిపిస్తారు. పిల్లాడికి తన భాష వినిపిస్తుంది. చెల్లెల్ని ఎత్తుకుని బడికొచ్చే అక్కలుంటారు, చంటిదాన్ని ఒళ్లో పెట్టుకునే పలక పడతారు. వాళ్ల కోసం పక్కనే అంగన్‌వాడీ కూడా ఉండాలి. లేకపోతే ఆ అక్క మర్నాటి నుంచి రాదు.

అటు ఒడిశాలోనూ ఇంకో ప్రయత్నం జరిగింది. తల్లిదండ్రులు వలస వెళ్లే నెలల్లో పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునేలా సీజనల్ హాస్టళ్లు పెట్టారు. మన పాలమూరులోనూ అలాంటి హాస్టళ్లు నడిచాయి. కాంటాబంజిలో రైలెక్కకముందే పిల్లాణ్ని ఆపగలిగితే అంతకన్నా కావాల్సిందేముంది! అయితే హాస్టలు నువాఖాయి అయ్యేసరికే తెరుచుకోవాలి. నెల ఆలస్యమైతే తలుపులు తీసేసరికి పిల్లలు రైల్లో ఉంటారు.

బట్టీ బడి నడవడం ఒక్కటే చాలదు. మే నెలలో కుటుంబం తిరిగెళ్లేటప్పుడు ఈ పిల్లాడు ఇక్కడ ఇన్ని నెలలు చదివాడని కాగితం వాడి చేతికివ్వాలి. ఆ కాగితం చూసి అక్కడి హెడ్మాస్టర్ పై తరగతిలో కూర్చోబెట్టాలి. ఈ రెండు బళ్ల మధ్య ఉన్న వెయ్యి కిలోమీటర్లలోనే చాలామంది పిల్లల చదువు జారిపోతోంది.

హెడ్మాస్టర్ గారూ, టీసీ అడగొద్దు!

వలస పిల్లాడు మామూలు బడి గడప తొక్కితే ఎదురయ్యే మొదటి ప్రశ్న "టీసీ ఉందా?" రెండోది "పుట్టినతేదీ కాగితం?" మూడోది "నవంబర్లో వచ్చి చేర్చుకోమంటే ఎలా?"

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం వీటన్నిటికీ జవాబు చెప్పింది. టీసీ లేదని చేర్చుకోకపోవడం కుదరదు. వయసు ధ్రువపత్రం లేదని వెనక్కి పంపకూడదు. బడి మొదలైపోయిందనీ అనకూడదు. వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టి, వెనకబడిన చదువును ప్రత్యేకంగా చెప్పాలి. అంతేకాదు, వలస కుటుంబాల పిల్లల్ని బడిలో చేర్పించే బాధ్యత స్థానిక సంస్థలదే అని ఆ చట్టంలోని 9వ సెక్షను విడిగా, స్పష్టంగా రాసింది. ఆధార్ ఎక్కడిది, రేషన్‌కార్డు ఎక్కడిది అన్నది తర్వాతి సంగతి. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్ల అయితే చాలు, ఆమెకు బడి మీద హక్కుంది.

మన దేశంలో 2011 జనగణన ప్రకారం అయిదు నుంచి పద్నాలుగేళ్ల మధ్య వయసున్న బాలకార్మికులు కోటీ లక్ష మంది. 2021లో జరగాల్సిన లెక్క వాయిదా పడింది. ప్రపంచం మొత్తం మీద 2024లో 13.8 కోట్ల మంది పిల్లలు పనుల్లో ఉన్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ, యునిసెఫ్ అంచనా వేశాయి. ఇవి దొరికిన లెక్కలు. బట్టీలో పథరియాలో భాగమైపోయిన పిల్లాడు ఏ గణనలో ఎవరికి దొరికాడు?

మనింట్లో ఉందా ఆ పిల్ల?

చివరగా ఒక ఇబ్బందికరమైన ప్రశ్న. బట్టీ ఊరి బయట ఉంటుంది, గాజుల కార్ఖానా సందులో ఉంటుంది. మరి మన వంటింట్లో?

'పాపం పేదపిల్ల. ఊళ్లో ఉంటే తిండి కూడా దొరకదు. తెచ్చుకుని మాతోపాటే ఉంచుకున్నాం. చదివిస్తాం కూడా.' ఈ మాట అనని అపార్టుమెంటు ఉందా? పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని ఇంటిపనిలో, హోటళ్లలో, దాబాల్లో పెట్టుకోవడం 2006 అక్టోబరు 10 నుంచే నేరం. అయినా మన పిల్లల స్కూలు బ్యాగు మోసుకుంటూ బస్సు దాకా వచ్చి, బస్సు కదిలాక ఒంటరిగా వెనక్కి నడిచే పిల్లలు ఇంకా కనిపిస్తూనే ఉన్నారు. ఆ పిల్లను తీసుకొచ్చింది ఎవరో దూరపు చుట్టం, ఏదో ఏజెంటు. ఆమె జీతం ఎవరికి వెళుతోందో చాలా ఇళ్లలో అడగరు. అడిగితే మన పిలుపుకు పలికే ఆ పిల్ల, అక్రమ రవాణాలో చివరి మజిలీ మన ఇల్లే అని తేలుతుందేమో!

పెద్ద పెద్ద పనులేం అక్కర్లేదు. ఇల్లు కడుతున్నప్పుడు ఇటుక నాణ్యత చూడటానికి బట్టీకి వెళ్తాం కదా. అక్కడి పిల్లలు ఏ బడికి వెళ్తున్నారని యజమానిని అడగొచ్చు. కొనేవాడు అడిగిన మాటకు ఎంతో కొంత విలువుంటుంది.

మళ్లీ మొదటి పిల్లాడి దగ్గరికి వెళ్దాం. బట్టీ పక్కనే రేకుల షెడ్డులో బడి తెరిచారనుకోండి. పొద్దున్నే టీచరు పుస్తకం తీసి పేర్లు పిలుస్తుంది. ఒడియాలోనే పిలుస్తుంది. వాడి పేరొస్తుంది. మొదటిరోజు వాడికి అర్థం కాదు, ఆ పిలుపు తనకేనని. బట్టీలో వాణ్ని పేరు పెట్టి ఎవరూ పిలవలేదు. పక్కవాడు మోచేత్తో పొడిస్తే లేచి నిలబడతాడు. మట్టి ఎండిన చెయ్యి పైకెత్తుతాడు.

టీచరు వాడి పేరు పక్కన టిక్కు పెడుతుంది.

* * *

పిల్లలు పనిలో కనిపిస్తే...

- 1098కి ఫోను చేయండి. పగలూ రాత్రీ పనిచేస్తుంది. డబ్బులు పడవు. 1996లో ముంబయిలో మొదలైన ఈ సేవను 2023 నుంచి ప్రభుత్వమే నడుపుతోంది. అత్యవసరమైతే 112కి చేసినా సరే.

- ఎక్కడ, ఎంతమంది, ఏం పని... ఈ మూడూ స్పష్టంగా చెప్పండి. మీ పేరు బయటికి రానివ్వొద్దని అడగొచ్చు.

- మీరే వెళ్లి యజమానిని నిలదీయొద్దు. తెల్లారేసరికి పిల్లల్ని ఇంకో చోటికి మార్చేస్తారు.

- రైల్లో, బస్టాండులో ఒక పెద్దమనిషి వెంట పోలికలు లేని పిల్లలు ముగ్గురు నలుగురు బెదురుగా కనిపిస్తే రైల్వే పోలీసులకు చెప్పండి. పిల్లల కోసం పెద్ద స్టేషన్లలో సహాయ కేంద్రాలున్నాయి.

- బాలకార్మికుల గురించి ఇంటర్నెట్‌లో ఫిర్యాదు చేయడానికి కేంద్ర కార్మికశాఖ 2017లో 'పెన్సిల్' అనే పోర్టల్ తెచ్చింది.

- పిల్లల ఫొటోలు తీసి అందరికీ పంపకండి. బాధిత బాలల వివరాలు బయటపెట్టడాన్ని చట్టం ఒప్పుకోదు.

- మీ ఊళ్లో బట్టీ ఉంటే, అక్కడి పిల్లల్ని చేర్చుకున్నారా అని మీ ఊరి బడిలో ఒకసారి అడగండి. బడి యాజమాన్య కమిటీలో మీరుంటే, ఆ ప్రశ్న సమావేశంలో పెట్టండి.